ఉద్యానసంఘములలో అడవి ఆర్కిడ్లు: ఒక ఉపన్యాసపద్ధతిపై విమర్శ

పుస్తకము వెలువడినచో పత్రికలలో సమీక్ష వచ్చును. నాటకము ఆడిన మరునాడు దాని గుణదోషములను చర్చింతురు. కాని సామాన్యప్రజలకు విజ్ఞానశాస్త్రమును వివరించు ఉపన్యాసమునకు విమర్శకులు లేరు. సభ ముగియగానే చప్పట్లు కొట్టుదురు, వందనసమర్పణ జరుగును, అంతటితో సరి. ఉపన్యాసము బాగున్నదనిన ఏమి బాగున్నది, వినినవారికి క్రొత్తగా ఏమి తెలిసినది, వారు ఇంటికి పోయి ఏమి చేయుదురు అని అడుగువారు తక్కువ. ఈ ప్రశ్నలను తప్పక అడుగవలసిన ఉపన్యాసము ఒకటి కలదు. తోటలు పెంచువారి ఎదుట అడవి ఆర్కిడ్లను గూర్చి చేయు ఉపన్యాసమే అది.

బ్రిటనులో పట్టణములందును పల్లెలందును తోటపెంపకపు సంఘములు కలవు. ఇంటివెనుక రెండు మడుల నేల ఉన్నవారు ఎవరైనను వీనిలో చేరవచ్చును. అప్పుడప్పుడు సాయంకాలమున ఒక సభామందిరములో కూడి, బయటినుండి ఒక వక్తను పిలిపించి వినుట వీరి ఆచారము. గులాబి కొమ్మలను కత్తిరించుట, కూరగాయల చీడలు, ఆకుల ఎరువు చేయుట వంటి విషయములతోపాటు, తమ దేశపు అడవులలోను పచ్చికబయళ్ళలోను వానంతట అవి పెరుగు ఆర్కిడ్లు కూడ ఒక విషయముగా వచ్చుచుండును. అమెరికాలోను ఆస్ట్రేలియాలోను ఇట్టి సంఘములు, ఇట్టి ఉపన్యాసములు ఉన్నవి. వక్తలలో వృక్షశాస్త్రజ్ఞులు కొందరుందురు. ఎండకు వానకు ఓర్చి తిరిగి, మొక్కలను వెదకి ఫోటోలు తీసిన ఔత్సాహికులు కొందరుందురు. వారి శ్రమ మెచ్చదగినది. ఈ విమర్శ వ్యక్తులను గూర్చినది కాదు. వాడుకలోనున్న పద్ధతిని గూర్చినది.

వినువారి చేతిలో పార

నక్షత్రములను గూర్చి ఉపన్యాసము చేసినచో శ్రోతలలో ఎవరును నక్షత్రమును ఇంటికి తీసికొనిపోలేరు. తిమింగలమును గూర్చి చెప్పినను అంతే. కాని ఉద్యానసంఘపు సభలో కూర్చున్నవారు వేరు. మొక్కను వేరు తెగకుండ పెకలించుట వారికి తెలియును. దానిని తడిగుడ్డలో చుట్టి తెచ్చుట తెలియును. తెచ్చి నాటుట తెలియును. నచ్చిన పూవు తమ తోటలో ఉండవలెనని కోరుట వారికి సహజము. ఆ కోరికయే వారిని తోటమాలులను చేసినది.

కావున ఈ సభలో వక్త చేయు పని సున్నితమైనది. పూవు అందమును ఎంత బాగుగ వర్ణించిన అంతగా కోరిక పెరుగును. కోరికను పెంచి, దానిని ఎటు మరల్చవలెనో చెప్పని ఉపన్యాసము, వక్త ఉద్దేశము ఎంత మంచిదైనను, మొక్కకు కీడు చేయవచ్చును. ఇట్టి ఉపన్యాసమును తూచుటకు తగిన కొలత ఇదియే: విన్నవాని చేతిలోని పార ఎటు తిరిగినది?

తెరపై పూవులు

సాధారణముగా జరుగు ఉపన్యాసపు తీరు అందరికి పరిచితమైనదే. గది చీకటి చేయుదురు. తెరపై ఒకదాని వెనుక ఒకటిగా పూవులు కనబడును. బ్రిటనులో సహజముగా పెరుగు ఆర్కిడ్ జాతులు సుమారు 50. వానిలో ముప్పదియో నలువదియో చూపింతురు. ప్రతి పూవునకు పేరు, అది దొరకు నేల, పూయు నెల చెప్పుదురు. నడుమ నడుమ వక్త ఏ కొండ ఎక్కి, ఏ బురదలో దిగి ఆ పూవును చూచెనో ఆ కథ వచ్చును. చివర తేనెటీగను మోసగించు పూవును గూర్చిన వింత చెప్పి, "దయచేసి వీనిని త్రవ్వకుడు" అని విన్నవించి ముగింతురు.

ఇందు మేలు లేకపోలేదు. నిజముగా సెంటిమీటరు వెడల్పు మాత్రమే ఉన్న పూవును తెరపై పెద్దదిగా చూచినప్పుడు, రోజూ నడచు దారి ప్రక్కన ఇంత చిత్రమైన వస్తువు ఉన్నదా అని శ్రోత ఆశ్చర్యపడును. చూడక నిర్లక్ష్యము చేసినదానిని చూచునట్లు చేయుట విజ్ఞానబోధలో మొదటి మెట్టు.

కాని పెక్కు ఉపన్యాసములు ఆ మెట్టుపైనే ఆగిపోవును. తెరపై కనబడునదంతయు పూవే. ఆకు అరుదుగా కనబడును; వేరు కనబడనే కనబడదు; నేల అసలే లేదు. పూవు మొక్క జీవితములో కొద్ది వారముల సంగతి. మిగిలిన కాలమంతయు అది నేలలో ఏమి చేయుచున్నది, ఎవరిపై ఆధారపడియున్నది అను విషయము చెప్పక, పూవును మాత్రమే చూపినచో ఆర్కిడ్ ఒక అలంకారవస్తువుగా మిగిలిపోవును. అలంకారవస్తువును చూచినవాడు అది ఎక్కడ దొరకునని అడుగుటలో వింత లేదు.

ఒక్క మొక్క మిగిలిన కథ

అందము మాత్రమే చూచినచో ఏమి జరుగునో చెప్పుటకు బ్రిటనులోనే గొప్ప నిదర్శనము ఉన్నది. అది పాదరక్ష ఆర్కిడ్. దాని పూవులో పసుపుపచ్చని పెదవి ఉబ్బి, చిన్న చెప్పువలె ఉండును. చుట్టు ఊదారంగు రేకులు మెలితిరిగి ఉండును. చిన్న ఈగలు ఆ చెప్పులో దిగిన, వచ్చిన దారిన వెలుపలికి పోలేవు. వెనుకనున్న ఇరుకుదారిన పోవలెను. ఆ దారిలో ముందు కీలాగ్రము, తరువాత పుప్పొడి తగులును. ఈగకు తేనె మాత్రము దక్కదు.

ఈ మొక్క ఒకప్పుడు ఉత్తర ఇంగ్లండులోని సున్నపురాతి కొండలలో పెరుగుచుండెను. తోటలలో నాటుకొనువారు త్రవ్విరి, అమ్ముకొనువారు కోసిరి, ఎండు నమూనాలు కూర్చుకొను వృక్షశాస్త్ర ప్రియులు కూడ తమ వంతు తీసికొనిరి. అడవులు నరికివేయుట దీనికి తోడైనది. 1917 నాటికి ఇది దేశములో అంతరించినదని తలచిరి. 1930లో యార్క్‌షైరులో ఒకే ఒక్క మొక్క కనబడెను. అది ఉన్నచోటు దశాబ్దములపాటు రహస్యముగా ఉంచబడెను. పూయు కాలములో దానికి కాపలా పెట్టిరి.

1983లో క్యూ ఉద్యానములో ఆర్కిడ్ల సంరక్షణ పథకము ఆరంభమైనది. మిగిలిన మొక్క పూవులకు చేతితో పుప్పొడి తగిలించి, వచ్చిన విత్తులను ప్రయోగశాలలో మొలిపించి, నారును తిరిగి కొండలలో నాటసాగిరి. 1989లో ఈ నాటుట మొదలైనది. అట్లు నాటిన మొక్కలలో మొదటి పూవు 2000లో గాని పూయలేదు. ఒక నిముషములో పెకలించిన మొక్కను తిరిగి నిలుపుటకు పదునొకండేండ్లు పట్టెను. అయినను ఆశ చావలేదు. లాంకషైరులోని సిల్వర్‌డేల్ వద్ద గాల్ఫ్ మైదానమునందున్న ఒక పాదరక్ష ఆర్కిడ్‌లో కొంతభాగమును ఎవరో కోసికొనిపోగా, 2010లో పోలీసులు అచట గస్తీ తిరుగవలసి వచ్చెను.

ఈ కథను చెప్పు వక్తలు పెక్కుమంది ఉన్నారు. కాని దానిని దొంగల కథగా మాత్రమే చెప్పుట లోపము. శ్రోతలు "మేము దొంగలము కాము" అని నిశ్చింతగా కూర్చుందురు. నిజమునకు, ఆర్కిడ్లకు దొంగకంటె పెద్ద శత్రువులు నాగలి, రసాయనిక ఎరువు. 1930వ దశకము మొదలు సుమారు అర్ధశతాబ్దములో ఇంగ్లండు, వేల్సులలోని పల్లపు భూములందు పూలతో నిండిన పచ్చికబయళ్ళలో నూటికి 97 వంతులు పోయినవని లెక్క. ఎరువు వేసినచో గడ్డి ఏపుగా పెరిగి, చిన్నమొక్కలను అణచివేయును. ఈ పని చేసినవారు దొంగలు కారు. నేలను బాగుచేయుచున్నామని నమ్మినవారు. తోటమాలికి ఈ భాగము చెప్పుటయే ముఖ్యము, ఏలయన అతడును ఏటేట తన పచ్చికకు ఎరువు చల్లువాడే.

డార్విన్ ప్రశ్న, బెర్నార్డ్ జవాబు

ఉపన్యాసములలో తరచు జారిపోవు విషయము మరొకటి కలదు. వాస్తవముగా కథకు గుండెకాయ అదియే.

ఛార్లెస్ డార్విన్ 1862లో ఆర్కిడ్లలో కీటకముల మూలమున జరుగు పరాగసంపర్కమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన మచ్చల ఆర్కిడ్ కాయ ఒకదానిలోని విత్తులను లెక్కింపగా సుమారు 6,200 తేలినవి. ముప్పది కాయలు కాచు ఒక్క మొక్కకు లక్షా ఎనుబదియారువేల పైచిలుకు విత్తులు వచ్చును. ఇవన్నియు మొలచి పెరిగినచో, ఒక్క మొక్క మునిమనుమల తరమునకే భూమిపైనున్న నేలయంతయు ఇంచుమించు ఆర్కిడ్లతో కప్పబడునని ఆయన గణించెను. కాని అట్లు జరుగుట లేదు. దానిని అడ్డగించునది ఏమో తెలియదని ఆయన నిజాయితీగా వ్రాసెను. 1882లో డార్విన్ మరణించునాటికి ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

జవాబును 1899లో నోయెల్ బెర్నార్డ్ అను ఫ్రెంచి యువకుడు కనుగొనెను. అప్పుడతడు సైన్యములో శిక్షణ పొందుచుండెను. ఫాంటెన్‌బ్లో అడవిలో, రాలిన ఆకుల క్రింద కప్పబడియున్న ఒక పక్షిగూటి ఆర్కిడ్ కాడను చూచెను. దాని కాయలలోని విత్తులు అచటనే మొలచియున్నవి. సూక్ష్మదర్శినితో చూడగా, మొలచిన ప్రతి విత్తులోను శిలీంధ్రపు దారములు కనబడెను.

ఆర్కిడ్ విత్తు ధూళివంటిది. చిక్కుడుగింజలో మొలకకు కావలసిన ఆహారము బీజదళములలో నిలువయుండును. వడ్లగింజలో అంకురచ్ఛదములో ఉండును. ఆర్కిడ్ విత్తులో ఇట్టి మూట ఏదియు లేదు. కొద్దిపాటి కణములతో నిండిన పిండము, దానిపై పలుచని పొర, అంతే. గాలిలో తేలి దూరము పోవుటకు ఇది అనుకూలమే గాని, పడినచోట తనంతట తాను మొలచుటకు శక్తి లేదు. నేలలోని తగిన శిలీంధ్రము దానిలో ప్రవేశించి, చక్కెరలను ఇతర పోషకములను అందించిననే అది పెరుగును. కొన్ని జాతులు మొదటి ఆకు వెలువరించుటకు ముందు ఏండ్లకొలది నేలలోపలనే గడపును. దయ్యపు ఆర్కిడ్ అను జాతికి పత్రహరితమే లేదు. అది జీవితమంతయు శిలీంధ్రముపైననే ఆధారపడును. బ్రిటనులో అంతరించినదని ఎంచిన పిదప 2009లో అది హియర్‌ఫర్డ్‌షైరులో మరల కనబడెను. ఎన్నియో ఏండ్లు కనబడకుండ నేలలో దాగియుండగలుగుటకు ఆ శిలీంధ్రమే ఆధారము.

ఇప్పుడు డార్విన్ ప్రశ్నకు చాలవరకు జవాబు దొరకినట్లే. లక్ష విత్తులలో తగిన శిలీంధ్రము, తగిన తేమ, తగిన నేల దొరకునవి ఏ కొద్దియో మాత్రమే. కావున అడవిలో ఆర్కిడ్ ఒక మొక్క కాదు. మొక్క, శిలీంధ్రము, నేల కలిసిన ఒక ఉమ్మడి కుటుంబము. పారతో త్రవ్వి తెచ్చినవాడు ఆ కుటుంబములో ఒకరిని మాత్రమే తెచ్చును. తెచ్చిన మొక్క దుంపలోనున్న ఆహారముతో ఒకటి రెండేండ్లు బ్రతికి పూయవచ్చును. దానిని చూచి అతడు గెలిచితిననుకొనును. తరువాత మొక్క క్షీణించును.

ఈ ఒక్క సంగతి తోటమాలికి అర్థమైనచో "త్రవ్వకుడు" అని వేడుకొనవలసిన పనియుండదు. వేళ్ళతో, మట్టితో నిత్యము పనిచేయు మనిషికి మట్టిలోని కథ పూవుకథకంటె బాగుగ పట్టును. అట్టివానికి తెరపై నలువది పూవులు చూపి, ఒక్క మొలకనైనను చూపకపోవుట వక్త చేజార్చుకొను మంచి అవకాశము.

తేనెటీగ కథలో పొరపాటు

ఈ ఉపన్యాసములకెల్ల ఇష్టమైన ఘట్టము తేనెటీగ ఆర్కిడ్. దాని పెదవి గోధుమరంగుతో, నూగుతో, ఒక ఈగ వాలినట్లే కనబడును. మగ ఈగ దానిని ఆడ ఈగయని భ్రమించి వచ్చి పుప్పొడి మోయునని వక్త చెప్పగా సభలో నవ్వులు పుట్టును. ఈ జాతికి దగ్గరి చుట్టములైన ఆర్కిడ్లలో ఇట్టి భ్రమ నిజముగా జరుగును. అల్జీరియాలో న్యాయాధికారిగా పనిచేసిన పుయాన్ అను ఫ్రెంచివాడు దీనిని గమనింపగా, 1916లో ఆ సంగతి ప్రకటితమైనది. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు బడిపంతులమ్మగా ఉండిన ఎడిత్ కోల్మన్ 1927లో మరొక ఆర్కిడ్‌పై మగ కందిరీగలు ఇట్లే ప్రవర్తించుటను వర్ణించెను.

కాని బ్రిటనులోని తేనెటీగ ఆర్కిడ్‌కు ఈ కథ చాలవరకు వర్తించదు. అచట అది దాదాపు ఎల్లప్పుడు తన పుప్పొడితో తానే ఫలించును. ఈ సంగతిని డార్విన్ 1862లోనే చక్కని ప్రయోగముతో చూపెను. పూవులోని రెండు పుప్పొడి ముద్దలు సన్నని కాడలతో వ్రేలాడుచు ముందునకు జారి, కీలాగ్రమునకు ఎదురుగ నిలుచును. గదిలో, గాలి తగులనిచోట ఉంచిన పూలకంకిలో ముద్దలు అట్లే వ్రేలాడుచుండెను. ఆరుబయట పలుచని వలగుడ్డ కప్పి ఉంచిన కంకిలో ఈగలు చేరలేకపోయినను గాలికి ముద్దలు ఊగి కీలాగ్రమునకు అంటుకొనెను. కీటకము లేదు, గాలి ఉన్నది, పని జరిగినది. గాలి లేనిచోట జరుగలేదు.

విమర్శకునకు ఇది చిన్న తప్పుగా తోచవచ్చును. కాని విజ్ఞానబోధలో ఇది చిన్నది కాదు. వింతకథ వినిన శ్రోత నవ్వి మరచిపోవును. డార్విన్ ప్రయోగమును వినినవాడు ఒక ప్రశ్నను ఎట్లు విడదీసి అడుగవలెనో నేర్చుకొనును. పైగా కథ చెప్పుటలో "పూవు ఈగను మోసగింపదలచినది" అనునట్టి మాటలు దొర్లును. పూవునకు తలంపు లేదు. ఏ పూవుల రూపమును వాసనయు ఈగలను ఎక్కువగా రప్పించెనో వాని సంతానము నిలిచినది. తరతరములుగా ప్రకృతివరణము చేసిన పని ఇది. ఉపమానమునకై మోసమనుట తప్పు కాదు. ఉపమానమును విప్పి చెప్పకుండ విడుచుట తప్పు.

ఎనుబది స్లైడులకంటె ఒక పెన్సిలు ఎక్కువ నేర్పగలదు. డార్విన్ ఊదా ఆర్కిడ్ పూవులో సన్నగా చెక్కిన పెన్సిలు మొనను దూర్చి తీసెను. పుప్పొడి ముద్ద పెన్సిలుకు అంటుకొని నిటారుగ నిలిచెను. సుమారు అర నిముషములో అది ముందునకు వంగెను. ఆ వంపుతో మరొక పూవులో పెన్సిలు దూర్చినచో ముద్ద సరిగా కీలాగ్రమునకు తగులును. ఈగ ఒక పూవునుండి మరొక పూవునకు పోవు నడుమ ఈ మార్పు జరుగును. అంగడిలో కొనిన కుండీ ఆర్కిడ్‌తో ముద్ద అంటుకొనుటనైనను సభలో చూపవచ్చును. దీనికై అడవిలోని ఒక్క పూవునైనను తాకనక్కరలేదు.

చోటు చెప్పవలెనా?

ప్రతి సభలోను ఎవరో ఒకరు, "ఇది ఎక్కడ దొరకును?" అని అడుగుదురు. కొందరు వక్తలు దారితో సహా చెప్పుదురు. కొందరు కనుబొమలు ముడిచి, అది రహస్యమందురు. రెండును తొందరపాటులే.

1947లో జె. ఇ. లౌజ్‌లీ అను వృక్షశాస్త్రజ్ఞుడు, బ్రిటనులో కనుమరుగైనదని తలచిన సైనిక ఆర్కిడ్‌ను చిల్టర్న్ కొండలలో తిరిగి కనుగొనెను. కనుగొన్న సంతోషమును లోకమునకు చెప్పెను గాని చోటును చెప్పలేదు. మొక్కలు కొద్దిగా ఉండి, రక్షణ లేనప్పుడు ఆ మౌనము సరియైనది. కాలక్రమమున ఆ జాతికి రక్షితస్థలములు ఏర్పడినవి. ఇప్పుడు బకింగ్‌హమ్‌షైరులోని హోమ్‌ఫీల్డ్ అడవిలో ఎవరైనను పోయి దానిని చూడవచ్చును. రహస్యము మొక్కను బ్రతికించినది. రక్షణ రహస్యమును అనవసరము చేసినది.

కావున వక్త చేయదగినదేమనగా, దిక్కులేని అరుదైన మొక్కల చోట్లు చెప్పకుండ, అందరు చూచుటకు ఏర్పరచిన రక్షితస్థలములకు దారి చూపుట. చోటు ఎందులకు చెప్పుట లేదో కారణము కూడ చెప్పవలెను. కారణము చెప్పక రహస్యమనిన, శ్రోతలలో కొందరికి అవమానముగా, కొందరికి పందెముగా తోచును.

మంచికై చెప్పిన అతిశయోక్తి

అడవి ఆర్కిడ్లను కాపాడవలెనను తపనతో కొందరు వక్తలు, "ఆర్కిడ్లు తోటలో బ్రతుకనే బ్రతుకవు" అని ఖండితముగా చెప్పుదురు. ఇది నిజము కాదు. మచ్చల ఆర్కిడ్ వంటి కొన్ని జాతులు తగిన తోటలో చక్కగా పెరుగును. 1922లో అమెరికాలోని లూయీ నడ్సన్ శిలీంధ్రము లేకుండగనే చక్కెర, లవణములు కలిపిన అగారుపై ఆర్కిడ్ విత్తులను మొలిపించెను. శిలీంధ్రము ఇచ్చు ఆహారమును సీసాలో మనుష్యుడే అందించెననుమాట. అప్పటినుండి ప్రయోగశాలలలో విత్తులనుండి ఆర్కిడ్లను పెంచి అమ్ముట సాధ్యమైనది.

సభలో ఒక్కడైనను అట్టి మొక్కను కొని పెంచియుండును. "బ్రతుకవు" అను మాట వినగానే అతనికి వక్తపై నమ్మకము పోవును. ఒక మాట అబద్ధమని తెలిసినచో, త్రవ్వరాదను మాట కూడ అట్టిదే కాబోలునని తలచును. శాస్త్రము చెప్పువాడు మంచిపనికై కూడ సత్యమును సాగదీయరాదు. "అడవినుండి త్రవ్వినది సాధారణముగా చచ్చును, విత్తునుండి పెంచినది బ్రతుకవచ్చును, ఇంత తేడా ఎందులకో చూడుడు" అని చెప్పినచో అది నిజమును అగును, పాఠమును అగును.

చట్టమును కూడ స్పష్టముగా చెప్పవలెను. బ్రిటనులో 1981 నాటి చట్టము ప్రకారము భూమి హక్కుదారుని అనుమతి లేక ఏ అడవిమొక్కను పెకలించినను నేరము. పాదరక్ష ఆర్కిడ్ వంటి కొన్నింటి పూవును కోయుట కూడ నేరమే. దేశముల నడుమ వ్యాపారమునకు సంబంధించి 1975లో అమలునకు వచ్చిన సైటిస్ ఒప్పందములో ఆర్కిడ్ కుటుంబమంతయు చేర్చబడినది.

చేతులకు పని

"చేయకుడు" అను మాటతో ముగియు ఉపన్యాసము తోటమాలిని ఖాళీచేతులతో ఇంటికి పంపును. అతని చేతులు పని కోరునవి. పని చెప్పవలెను.

ఆ పనులు కష్టమైనవి కావు. పచ్చికలో ఒక మూలను ఎరువు వేయకుండ విడుచుట మొదటిది. పూలు పూచి విత్తు రాలువరకు గడ్డి కోయకుండుట రెండవది. ఇట్లు విడిచిన పచ్చికలో తేనెటీగ ఆర్కిడ్ తనంతట తాను మొలచిన సందర్భములు బ్రిటనులో పెక్కు కలవు; ధూళివంటి విత్తు గాలిలో వచ్చును, నేలలో శిలీంధ్రము ఉండిన మొలచును. ప్లాంట్‌లైఫ్ అను సంస్థ 2019లో, మే మాసమంతయు గడ్డి కోయవలదని ప్రజలను కోరుచు ఒక ఉద్యమమును ఆరంభించెను. మొక్క కొనదలచినవారు అది విత్తునుండి పెంచినదో, అడవినుండి తెచ్చినదో విచారించి కొనుట మూడవది. దగ్గరి రక్షితస్థలమున ఏటేట పూవులను లెక్కించువారికి తోడ్పడుట నాలుగవది. ఇవి చెప్పిన ఉపన్యాసములో కోరిక అణగారదు, దారి మారును. త్రవ్వుటకు ఎత్తిన పారను ప్రక్కన పెట్టి, పూవు తనంతట తాను వచ్చుటకు చోటు సిద్ధపరచుట తోటపనిలో ఉన్నతమైన అంతస్తు.

తెలుగు ఉపాధ్యాయునకు

ఈ విమర్శ పరదేశపు సంఘములకే పరిమితము కాదు. వాండా టెస్సెలేటా అను ఆర్కిడ్‌ను శాస్త్రలోకమునకు పరిచయము చేసినవాడు, సామర్లకోటలో చాలకాలము పనిచేసిన విలియమ్ రాక్స్‌బర్గ్. 1795లో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి వెలువడిన తన గ్రంథములో ఆయన దానిని వర్ణించెను. పసుపుపచ్చ రేకులపై గోధుమరంగు గళ్ళు, నీలివన్నె పెదవి గల ఈ పూవు, మామిడి మొదలగు చెట్ల కొమ్మలపై పూయును.

చెట్టుకొమ్మపై పెరుగునది గనుక దీనిని బదనికగా భావించుట పరిపాటి. బదనిక చెట్టులోనికి వేరు దింపి దాని రసమును పీల్చును. వాండా అట్లు చేయదు. కొమ్మను పట్టుకొని నిలుచును, అంతే. గాలిలో వ్రేలాడు దాని వేళ్ళపై దూదివంటి తెల్లని పొర ఉండి, వాననీటిని మంచును పీల్చుకొనును. దాని విత్తు మొలచుటకు కూడ శిలీంధ్రమే కావలెను. ఈ రెండు సంగతులను ఒక బదనికను ఒక వాండాను చెట్టుపైననే చూపి చెప్పగల ఉపాధ్యాయునకు తెర అక్కరలేదు. భారతదేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణ ఈశాన్య ప్రాంతపు నీలి వాండా, పాదరక్ష ఆర్కిడ్ల వంటి కొన్నింటికి రక్షణ కల్పించినది. మిగిలిన వానికి రక్షణ చాలవరకు చూచువారి తెలివిడియే.

అట్టి పాఠము ముగిసిన తరువాత విద్యార్థి, "ఎంత అందముగ ఉన్నది!" అనిన మంచిదే. "దీనిని మా ఇంటికి తీసికొనిపోవచ్చునా?" అనిన పాఠము సగమే జరిగినది. "దీని విత్తు ఈ కొమ్మపైననే ఎందులకు మొలచినది?" అని అడిగినచో ఉపాధ్యాయుడు తన పని నెరవేర్చెనని నిశ్చయింపవచ్చును.